చూపు ఎవడబ్బ సొత్తు?

కేరళ ప్రయాణాలు మనవాళ్ళకు కొత్త కాదు. వైకోం చూడాలని కొందరు, అయ్యంకాళి పుట్టిన వెంగనూరు చూడాలని కొందరు, సభలకూ సదస్సులకూ ఇంకొందరు శబరి ఎక్స్‌ప్రెస్ ఎక్కి పోతూనే ఉన్నారు. ఆ బండి ఎర్నాకుళం టౌన్‌లో ఆగుతుంది. అక్కణ్ణించి బోటు జెట్టీకి పోయి సర్కారు పడవెక్కితే కాసేపట్లో ఫోర్ట్ కొచ్చి. ఆ ఫోర్ట్ కొచ్చిలో, పక్కనున్న మట్టంచేరిలో, పాత గోదాముల్లో ఒక పెద్ద కళా ప్రదర్శన పెడుతుంటారు. పేరు కొచ్చి–ముజిరిస్ బియెనాలే. బియెనాలే ఇటలీ మాట. రెండేళ్ళకోసారి జరిగేదని అర్థం. మొదటిది 2012 డిసెంబరు 12న మొదలైంది. మధ్యలో కరోనా వచ్చి వెనక్కి జరిగింది. ఆరోది 2025 డిసెంబరు 12న మొదలైంది. మొదలైందంటే మూడు నెలలకు పైగా నడుస్తుంది. దేశదేశాల కళాకారులు వస్తారు. గోడకు తగిలించే బొమ్మలే కాదు, గదంతా నింపే కట్టడాలు, శబ్దాలు, సినిమాలు, ఒంటితో చేసే ప్రదర్శనలు అన్నీ అందులో ఉంటాయి.

దారిలోనే ఉంది కదా, చూసి వద్దామా, వద్దా? మన సంఘాల్లో దీనిమీద వాదన నడుస్తోంది. ఇదేం పెద్ద విషయమని కొట్టేయొద్దు. ఎక్కడికి పోవచ్చు, ఎక్కడికి పోకూడదు అన్నదే కదా మన బతుకుల్లో మొదటి నుంచీ పెద్ద విషయం!

ఒకరంటారు: "గూడెంలో ఇంటింటికీ తిరిగి చందా వేసి పంపితే మీరు పోయి బొమ్మలు చూసొస్తారా?"

ఇంకొకరంటారు: "అవన్నీ దొరల వేషాలు. మనకేం అర్థమవుతాయి?"

మూడోవారు ఇంకాస్త గట్టిగా అంటారు: "అగ్రకులాల కళకు మనం పోయి చప్పట్లు కొట్టేదేంటి? బహిష్కరిద్దాం."

నాలుగో మాట ఒకటుంది. దాన్ని పైకి ఎవరూ అనరు. "గేటు దగ్గర నిలబెట్టి మీరెవరు, ఎక్కణ్ణించొచ్చారు అంటే?" ఇదీ అసలు మాట. మొదటి మూడూ దీనిమీద కప్పిన దుప్పట్లు.

మేం చెప్పదల్చుకున్నది సూటిగా చెబుతున్నాం. పోవాలి. పని చెడగొట్టుకోకుండా పోవాలి. ప్రజల చందా ముట్టకుండా పోవాలి. భక్తితో కాదు, ప్రశ్నతో పోవాలి. పోయొచ్చి వాడలో కూర్చుని చెప్పాలి. పోవడానికి వీల్లేకపోతే మానుకోవచ్చు. అది మన నిర్ణయం. గేటు చూసి జంకి వెనక్కి తిరగడం మాత్రం మన నిర్ణయం కాదు. అది మనువు నిర్ణయం.

బాబాసాహెబ్ కూడా బయల్దేరాడు

ఉద్యమం చేసేవాళ్ళకు చూపులేంటి, విహారాలేంటి అనేవాళ్ళు ఒక సంగతి తెలుసుకోవాలి. 1934లో బాబాసాహెబ్‌తో కలిసి పనిచేసే కార్యకర్తలు ఒక కోరిక కోరారు. మీరొస్తానంటే మనమంతా కలిసి ఊళ్ళు చూసొద్దామన్నారు. ఆయన సరేనన్నాడు. ఎల్లోరా బౌద్ధ గుహలు చూసి తీరాలని అనుకున్నారు. ముప్పై మంది దాకా బయల్దేరారు. ఎల్లోరా గుహలంటే ఏంటి? కొండను తొలిచి చేసిన శిల్పాలు. అంటే కళ. మహాడ్ చెరువు పోరాటం అయిపోయింది. రౌండ్ టేబుల్ సమావేశాలు అయిపోయాయి. పూనా ఒప్పందం మీద సంతకాలూ అయిపోయాయి. అంత పని నెత్తినున్న మనిషి కార్యకర్తల్ని వెంటబెట్టుకుని శిల్పాలు చూడబోయాడు. కాలం వృథా అనుకోలేదు.

దారిలో దౌలతాబాద్ కోట దగ్గర ఆగారు. ఒళ్ళంతా దుమ్ము. బయట నిండుగా ఉన్న నీళ్ళతొట్టి కనిపిస్తే మొహాలూ కాళ్ళూ కడుక్కున్నారు. అంతే. ఒక ముసలాయన వెనకనుంచి అరుచుకుంటూ పరిగెత్తుకొచ్చాడు. అంటరానోళ్ళు నీళ్ళు మైల చేశారని గోల. జనం పోగయ్యారు. బూతులు. కొట్లాట దాకా వచ్చింది. చివరికి కోట లోపలికి పోనిచ్చారు, ఒక షరతు మీద. లోపల ఎక్కడా నీళ్ళు ముట్టకూడదు. ముట్టకుండా చూడ్డానికి తుపాకీ పట్టిన సిపాయిని వెంట పంపారు. ఆ సంగతంతా బాబాసాహెబ్ తానే రాసిపెట్టాడు.

దీన్నిబట్టి మనం ఏం నేర్చుకోవాలి? అవమానం జరిగింది కాబట్టి చూడబోవడం తప్పని ఆయన ఎక్కడా అనలేదు. చూడబోయినవాణ్ణి ఆపినవాడిది తప్పన్నాడు. చదువు మనది కాదన్నారు, లాక్కున్నాం. నీళ్ళు మనవి కావన్నారు, 1927లో మహాడ్‌లో దోసిట పట్టి తాగాం. దారి మనది కాదన్నారు, 1893లో అయ్యంకాళి ఎద్దుల బండి కట్టి రాచబాటన తోలాడు. మరి చూపొక్కటే వాళ్ళకు వదిలేద్దామా?

చూపంటే చిన్నదనుకోకండి. కేరళలో కులం ముట్టుకోవడంతో ఆగలేదు. ఏ కులం ఏ కులానికి ఎంత దూరంలో నిలబడాలో అడుగుల లెక్కన కొలిచి పెట్టారు. నాయాడుల వంటివాళ్ళు కంటబడితేనే మైల అన్నారు. మనల్ని చూడ్డమే పాపం అన్న చోట, మనం తలెత్తి చూడ్డం పోరాటం కాక మరేంటి?

పడవల మీద సభ, పొలిమేరలో పంట

కొచ్చి పోయేవాళ్ళు పడవెక్కినప్పుడు ఆ నీళ్ళవైపు చూడాలి. ఆ కాయల్ నీళ్ళమీద 1913లో ఒక సభ జరిగింది. పులయలు సంఘం పెట్టుకుందామనుకున్నారు. సభకు చోటేది? కొచ్చి రాజు నేలమీద వాళ్ళు గుమికూడ్డానికి లేదు. నేల రాజుదైతే నీళ్ళు ఎవరివి? పడవలు తెచ్చి ఒకదానికొకటి కట్టారు. పైన బల్లలు పరిచారు. ఆ తేలే వేదిక మీద సభ జరిపారు. పండిట్ కరుప్పన్, కృష్ణాది ఆశాన్ వంటివాళ్ళు ముందు నిలబడ్డారు. కొచ్చి పులయ మహాసభ అలా పుట్టింది. దాన్నే కాయల్ సమ్మేళనం అంటారు.

ఇంకో సంగతి ఉంది. మన వాదనకు అది ప్రాణం. ఆ కాలంలోనే ఎర్నాకుళంలో వ్యవసాయ ప్రదర్శన పెట్టారు. ధాన్యం, దుంపలు, కాయగూరలు, పంటలన్నీ తెచ్చి వరసగా పేర్చారు. అవి పండించిందెవరు? పులయలు. మోకాటిలోతు బురదలో దిగి నాటిందీ కోసిందీ వాళ్ళే. ప్రదర్శనలోకి మాత్రం పులయలకు ప్రవేశం లేదు. పంట లోపల, పండించినవాడు పడవల్లో, దూరంగా! కరుప్పన్ ఈ ముక్కే సభలో నిలబడి అడిగాడు. దివాను అనుమతి ఇవ్వక తప్పలేదు. పడవల్లో ఎదురుచూస్తున్న జనం దిగి ఎర్నాకుళంలో అడుగుపెట్టారు.

ఇప్పుడు చెప్పండి. అదే నీళ్ళ ఒడ్డున ఇంకో ప్రదర్శన జరుగుతుంటే, 'మనకెందుకులే' అని పడవలో కూర్చుందామా? ఆ రోజు దిగినవాళ్ళు మనకెందుకులే అనుకోలేదు. మా చేతిపని లోపలుంది, మేమెందుకు బయటుండాలి అన్నారు.

'అది వేరు, అది పంట. ఇవి బొమ్మలు' అంటారా? ఆ బొమ్మలు ఏ గోడల మధ్య పెట్టారో చూడండి. మొదటి ఐదు ప్రదర్శనలకూ ముఖ్య వేదిక ఆస్పిన్‌వాల్ హౌస్. సముద్రం ఒడ్డున పెద్ద ఆవరణ. ఒక ఇంగ్లీషు వర్తకుడు 1867లో పెట్టిన కంపెనీది. కొబ్బరినూనె, మిరియాలు, అల్లం, పసుపు, కలప, తోళ్ళు అక్కణ్ణించి ఓడలెక్కాయి. ఆ బస్తాలు మోసిందెవరు? ఆ తోళ్ళు ఒలిచిందెవరు? అంతకు ముందు డచ్చివాళ్ళ కాలంలో ఈ కొచ్చి రేవు నుంచి మిరియాలతోపాటు మనుషుల్ని కూడా కొని ఓడలెక్కించారు. కొచ్చి సంస్థానంలో బానిసత్వం రద్దయింది 1854లో. తిరువాన్కూరులో 1855లో. అప్పటిదాకా పులయల్ని, పరయల్ని పొలంతోపాటు అమ్మారు, కొన్నారు. గోదాము గోడలకు ఇప్పటికీ మిరియాల వాసన ఉందని టూరిస్టులు మురిసిపోతారు. చెమట వాసన మనకు తెలుస్తుంది. అందుకైనా మనం పోవాలి.

అర్థం కాదన్నది ఎవరు?

'మనకు అర్థం కాదు' అన్న మాట మనది కాదు. మనచేత అనిపించిన మాట. వేదం మీకు అర్థం కాదన్నారు. చట్టం మీకు అర్థం కాదన్నారు. ఆ మనుషుల్లోనే ఒకడు రాజ్యాంగం రాసి చూపించాడు.

మన వాడకు డక్కలివాళ్ళు వస్తారు. పటం విప్పుతారు. రంగురంగుల బొమ్మలు ఒకటొకటిగా చూపిస్తూ జాంబపురాణం చెబుతారు. కిన్నెర వాయిస్తారు. మాదిగింట్లో తమ హక్కు అడిగి తీసుకుపోతారు. బొమ్మ, పాట, కథ, నటన, చూసేవాళ్ళ జవాబు అన్నీ ఒక్కచోటే. ఆ పటం చూసి పొద్దుపోయేదాకా అర్థం చెప్పగలిగిన మన ముసలమ్మకు కొచ్చిలో గదినిండా పేర్చిన వస్తువులు అర్థం కావా? కాకపోతే ఆమె ఊరుకుంటుందా? 'ఇదేంట్రా, ఇట్టా ఎందుకు పెట్టావ్' అని అడుగుతుంది. ఆ అడగడమే అర్థం చేసుకోవడం. నోట్లో వేలేసుకుని తల ఊపడం అర్థం చేసుకోవడం కాదు.

అసలు ఇన్‌స్టలేషన్ అంటే ఏంటి? ఒక చోటు తీసుకుని, అక్కడ వస్తువులు నిలబెట్టి, చూసేవాడు ఆ మధ్యకు వచ్చి నిలబడేటట్టు చేయడం. 2016 జనవరిలో హైదరాబాద్ కేంద్రీయ విశ్వవిద్యాలయంలో ఐదుగురు దళిత పరిశోధక విద్యార్థుల్ని హాస్టల్ నుంచి వెళ్ళగొడితే వాళ్ళేం చేశారు? పరుపులు మోసుకుని బాబాసాహెబ్ పటం చేతపట్టుకుని బయటికి నడిచారు. ఆరుబయట గుడారం వేశారు. చుట్టూ అంబేడ్కర్, ఫూలే వంటి మహనీయుల బొమ్మల ఫ్లెక్సీలు గోడలుగా నిలబెట్టారు. దానికి 'వెలివాడ' అని పేరు పెట్టారు. దేశంలోని విశ్వవిద్యాలయాలన్నిటికీ ఆ ఒక్క మాటతో అద్దం పట్టారు. రోహిత్ వేముల జనవరి 17న మనకు లేకుండా పోయాడు. ఆ వెలివాడను ఏ క్యూరేటరూ కూర్చలేదు. టికెట్టు పెట్టలేదు. అయినా ఈ దేశంలో అంతకంటే సూటిగా మాట్లాడిన కట్టడం ఏదుందో చూపించమనండి. అది కట్టిన జాతికి కళ అర్థం కాదా?

లోపలున్నదంతా తాలు కాదు

బహిష్కరిద్దాం అనేవాళ్ళతో ఒక మాట. బహిష్కరణ మనమీద వాళ్ళు వాడిన ఆయుధం. దాన్ని మనం వాడేముందు అవతల ఎవరున్నారో చూడాలి.

అదే 2016 డిసెంబరులో కొచ్చిలో స్లొవేనియా కవి అలెష్ ష్టెగర్ ఒక పిరమిడ్ కట్టాడు. మట్టితో, పేడతో. లోపల చీకటి. ఆ చీకట్లో నడుస్తుంటే దేశాల నుంచి వెళ్ళగొట్టబడ్డ కవుల గొంతులు వినిపిస్తాయి. ఓవిడ్, డాంటే, బ్రెక్ట్, పాలస్తీనా కవి మహమూద్ దర్వీష్ వంటివాళ్ళు. దాని పేరు 'వెలివేయబడ్డ కవుల పిరమిడ్' అని మన భాషలో చెప్పుకోవచ్చు. ఏడాది మొదట్లో హైదరాబాద్‌లో వెలివాడ. ఏడాది చివర కొచ్చిలో వెలి పిరమిడ్. రెండూ ఒకదాన్నొకటి ఎరగవు. మన కార్యకర్త ఒకడు ఆ చీకట్లో నడిచి ఉంటే ఈ రెంటికీ ముడివేసేవాడు. పేడ ఎత్తే చేతులు ఎవరివో కూడా అడిగేవాడు.

అక్కడే చిలీ కవి రావుల్ సురీతా ఒక పెద్ద గోదాములో సముద్రపు నీళ్ళు నింపాడు. చెప్పులు విప్పి ఆ నీళ్ళలో నడిచి అవతలి గోడదాకా పోతే ఒక కవిత ఉంటుంది. 2015లో సిరియా నుంచి పారిపోతూ సముద్రంలో మునిగిపోయిన గాలిప్ కుర్దీ అనే పిల్లవాడి కోసం ఆ పని చేశాడు. వాడి తమ్ముడు అలన్ ఫోటో లోకమంతా చూసింది. గాలిప్ ఫోటో లేదు. ఫోటో లేని పిల్లవాడి కోసం నీళ్ళు నింపాడాయన. ఈ సురీతా ఎవరు? 1973లో పినోషే సైన్యం పట్టుకెళ్ళి ఓడలో బంధించి హింసించిన మనిషి. ఆయన్ని దొరల లెక్కలో వేద్దామా?

ఫోటో లేనివాళ్ళ సంగతి మనకు చెప్పాలా? నీళ్ళ సంగతి చెప్పాలా? 1985 జూలై 17న కారంచేడులో మాదిగలను వేటాడి ఆరుగురిని చంపారే, ఆ మంట మొదలైంది మంచినీళ్ళ చెరువు దగ్గరే కదా. సురీతా నీళ్ళలో నిలబడి కారంచేడు గురించి మాట్లాడగలిగేది మనమే. అక్కడ మనం లేకపోతే ఆ మాట అక్కడ పుట్టదు. ముజిరిస్ తవ్వకాల్లో దొరికిన కుండపెంకులు పేర్చి 2012లో వివాన్ సుందరం ఒక పని చేశాడు. మిరియాల వ్యాపారం గురించి చూసేవాళ్ళంతా చెప్పుకుంటారు. ఆ కుండ ఎవరు చేశారని అడగడానికి కుండ చేసే కులాలవాళ్ళు కూడా అక్కడ ఉండాలి కదా.

కళకు కులం లేదంటారా?

ఇక ప్రదర్శన పెట్టే పెద్దల వైపు తిరుగుదాం. వాళ్ళకు మేం దండం పెట్టడానికి పొమ్మనడం లేదు.

'కళకు కులం లేదు' అంటారు వాళ్ళు. మంచిది. 2018–19 ప్రదర్శనను అనితా దూబే కూర్చింది. ఆ పెద్దరికం దక్కిన మొదటి మహిళ ఆమె. కళాకారుల్లో సగానికి పైగా ఆడవాళ్ళు ఉండేటట్టు చూసింది. మంచి పని. మెచ్చుకుంటున్నాం. అంటే లెక్క తీయాలనుకుంటే తీయొచ్చన్నమాట! ఆడవాళ్ళు ఎంతమంది అని లెక్కపెడితే కళ చచ్చిపోలేదు. మరి దళితులెంతమంది, ఆదివాసులెంతమంది అంటే మాత్రం కళ ఎందుకు మూర్ఛపోతుంది? ఏరేవాళ్ళలో మనవాళ్ళెంతమంది? పుస్తకంలో వ్యాసాలు రాసేవాళ్ళలో ఎంతమంది? మరుగుదొడ్లు కడిగేవాళ్ళలో ఎంతమంది? ఈ మూడు లెక్కలూ పక్కపక్కన పెట్టండి. అప్పుడు చెప్పండి, కళకు కులం లేదని.

ఆ ప్రదర్శన పేరు ఏంటో తెలుసా? పరాయితనం లేని బతుకు సాధ్యమవుతుందనే అర్థం వచ్చే పేరు. ఆ ప్రదర్శన ముగిసే నాటికి గోడలు కట్టి కొట్టాలు వేసిన పనికి డబ్బులు బాకీ ఉన్నాయని ఆరోపణలు వచ్చాయి. బిల్లుల్లో తేడాలున్నాయని నిర్వాహకులు జవాబు చెప్పారు. ఆ లెక్క తేల్చడం మా పని కాదు. కానీ ఒక మాట అడుగుతాం. పరాయితనం అంటే ఏంటి? తన చేతిపని తనది కాకుండా పోవడం. చేసినవాడు పైసల కోసం గేటు దగ్గర నిలబడాల్సి రావడం. పేరులో ఉన్న నీతి జమాఖర్చుల పుస్తకంలో కూడా ఉండాలా, వద్దా?

బొమ్మ పక్కన చీటీ ఉంటుంది. దానిమీద కళాకారుడి పేరు ఉంటుంది. వెల్డింగ్ చేసినవాడు, కర్ర కోసినవాడు, మట్టి పిసికినామె, తాడు పేనినవాళ్ళ పేర్లు ఎన్ని చీటీల మీద ఉన్నాయో చూసి రండి. గుడి కట్టిన వడ్డెరోడి పేరు గుడి మీద లేదు. కొత్త గుళ్ళలోనూ అదే పద్ధతి నడవాలా?

డబ్బు సంగతి చూడండి. 2025 మార్చిలో న్యూయార్కులో ఒక వేలం జరిగింది. ఎం.ఎఫ్. హుస్సేన్ 1954లో వేసిన 'గ్రామయాత్ర' దాదాపు 118 కోట్ల రూపాయలకు పోయింది. హుస్సేన్‌ను మేం తప్పుబట్టడం లేదు. సినిమా బోర్డులు రాసుకుని పైకొచ్చిన మనిషి. చిత్రం వేలానికి వచ్చేనాటికి ఆయన బతికి కూడా లేడు. మేం చూపేది ఆ లెక్క. బొమ్మలో ఉన్న ఊరు 118 కోట్లు. ఊళ్ళో ఉన్న మనుషుల కళకు విలువెంత? డక్కలి కులంలో పుట్టిన కిన్నెర మొగులయ్యకు 2022లో పద్మశ్రీ ఇచ్చారు. 2024లో ఆయన కూలిపని చేస్తున్న ఫోటోలు పత్రికల్లో వచ్చాయి. బొమ్మలో పల్లె ముద్దు. పల్లెలో మనిషి బరువు. ఇదీ వీళ్ళ కళాభిమానం.

ఇంకోటి. కొచ్చి ప్రదర్శనకు కేరళ ప్రభుత్వం ఖజానా నుంచి డబ్బు ఇస్తూ వచ్చింది. ఖజానా అంటే ఏంటి? అగ్గిపెట్టె కొన్నవాడు కట్టిన పన్ను కూడా అందులోనే ఉంటుంది. అక్కడి పులయలు, పరయలు, కురవలు, ఆదివాసులు కట్టింది కూడా. కాబట్టి లెక్క అడగడం అడుక్కోవడం కాదు. హక్కు. ఆ హక్కు అక్కడి మన సోదరులది. వాళ్ళకు తోడుగా నిలబడ్డం మన పని.

మనవాళ్ళు లోపలికి పోయారు

మనం గేటు దగ్గర తర్జనభర్జన పడుతుండగానే మనవాళ్ళు కొందరు లోపలికి పోయి తమ చోటు తీసుకున్నారు. ఉత్తర కేరళలో రబ్బరు చెట్లు గీసుకు బతికే ఇంట్లో పుట్టిన సజన్ మణి బెర్లిన్‌లో ఉంటూ పొయ్‌కయిల్ అప్పచ్చన్ పాటలను గోడలమీద తన ఒంటితో రాస్తున్నాడు. అప్పచ్చన్ ఎవరు? పులయల, పరయల బానిసత్వం గురించి పాటలు కట్టి జనాన్ని కూడగట్టినవాడు. 1939లో చనిపోయాడు. దళిత చైతన్యంలోంచి వచ్చిన ప్రభాకర్ కాంబ్లే పని 2022లో బెర్లిన్ బియెనాలేలో నిలబడింది. అమోల్ పాటిల్ తాత పొవాడాలు పాడినవాడు, తండ్రి నాటకాలు రాసినవాడు. ఆ అమోల్ 2022లో జర్మనీలోని కాసెల్ ఊళ్ళో జరిగే డాక్యుమెంటాలో పాల్గొన్నాడు. లోకంలో పెద్ద ప్రదర్శనల్లో అదొకటి. 1955 నుంచి జరుగుతోంది.

వీళ్ళు ఎవరికోసం చేస్తున్నారు? తెల్లవాళ్ళూ, అగ్రకులాలవాళ్ళూ చూసి 'అయ్యో పాపం' అనడానికా? వాళ్ళ పనిముందు మన గూడెం మనిషి నిలబడి, ఇది నా తాత సంగతే అని గుర్తుపట్టినప్పుడే కదా ఆ పని పూర్తయ్యేది. చూసేవాళ్ళలో మనం లేకపోతే చేసేవాడు ఒంటరివాడవుతాడు. ఒంటరివాణ్ణి కొనేయడం తేలిక. అతని వెనక జనం ఉన్నారని తెలిస్తే ఆ తూకం మారుతుంది.

రేపు మన పిల్లల్లో బొమ్మలేసే చెయ్యి ఎవరిదో ఎవరికి తెలుసు? సుద్దముక్కతో ఇంటి గోడంతా గీసే పిల్లను 'సరుకులు తేపో' అని తరుముతున్నాం. ఆ గీతకు ఒక లోకం ఉందని ఆ పిల్లకు చెప్పాలంటే ముందు మనం చూసి ఉండాలి.

పోయేవాళ్ళకు చెప్పేది

చందా డబ్బు చందా పనికే. అందులోంచి ఒక్క రూపాయి టికెట్టుకు ముట్టకూడదు. ఎవరి ఖర్చు వారిది. గూడెం అడిగితే లెక్క చెప్పేటట్టుండాలి. ఈ విషయంలో మొదటి అభ్యంతరం చెప్పినవాళ్ళు చెప్పింది న్యాయం. కాదనడం లేదు. కానీ చందా కాపాడుకోవడం వేరు, చూపు వదులుకోవడం వేరు.

వచ్చిన పని ముందు. సభ ఎగ్గొట్టి, ఊరేగింపు ఎగ్గొట్టి పోవద్దు. తిరుగుబండికి గంటలు మిగిలినప్పుడు స్టేషన్లో తువ్వాలు పరుచుకుని పడుకునే బదులు పోండి.

చదువుకున్న ఇద్దరు పోయి మిగతావాళ్ళను సామాన్ల దగ్గర కాపలా పెట్టొద్దు. ఆడవాళ్ళను వదిలేసి అసలే పోవద్దు. సామాన్ల కాపలా వంతులవారీగా. మనలోనే గేట్లు పెట్టుకుంటే వాళ్ళ గేటును ఏమని అడుగుతాం?

పడవలో పోయేటప్పుడు కాయల్ సమ్మేళనం కథ చెప్పుకోండి. ముందు ఆ నీళ్ళు చూడండి, తర్వాత బొమ్మలు. ఆ వరస తప్పకూడదు.

లోపల సిగ్గుపడొద్దు. గొంతు తగ్గించొద్దు. చెప్పులు విప్పమని అందరికీ చెబితే విప్పండి, మనకొక్కరికే చెబితే విప్పొద్దు. అర్థం కానిది కనిపిస్తే అక్కడున్న కుర్రవాళ్ళను అడగండి. చెప్పడానికే వాళ్ళను పెట్టారు. నచ్చనిది నచ్చలేదని చెప్పండి. నచ్చింది నచ్చిందని చెప్పడానికి కూడా వెనకాడొద్దు. మంచి పని చూసి మెచ్చుకుంటే దళితత్వం కరిగిపోదు.

ప్రతి పని ముందూ ఈ మూడూ అడగండి. ఇది ఎవరి చేతులు చేశాయి? ఎవరి పేరు రాశారు? ఎవరి బతుకు చూపిస్తున్నారు, అది చూపించడానికి వాళ్ళను అడిగారా?

అక్కడి కాపలావాళ్ళతో, ఊడ్చేవాళ్ళతో, మోసేవాళ్ళతో మాట్లాడండి. ఏ కులం, ఏ ఊరు, కూలెంత, సరిగా ఇస్తున్నారా కనుక్కోండి. గోడమీద రాయని ప్రదర్శన అది. దానికి టికెట్టు లేదు.

తిరిగొచ్చాక వాడలో కూర్చుని చెప్పండి. చూసింది కడుపులో దాచుకుంటే అది విహారం. పదిమందికీ పంచితే అది పని.

మిత్రులారా, కొచ్చి ఒక్కటే కాదు ఈ ప్రశ్న. హైదరాబాద్‌లో బొమ్మల కొలువులున్నాయి. ఢిల్లీలో, బొంబాయిలో ఉన్నాయి. గాజు తలుపు, చల్లగాలి, నల్లకోటు కాపలా. ఏ చట్టమూ మనల్ని ఆపడం లేదు. 1950లోనే అంటరానితనం రాజ్యాంగం ప్రకారం రద్దయింది. అయినా కాళ్ళు ఆగిపోతున్నాయి. మన కాళ్ళలో మూడు వేల ఏళ్ళు ఎవరో కట్టిన సంకెల ఇంకా గలగలమంటోంది. దాన్ని తెంచేది వాళ్ళు కాదు. నడిచి తెంచాల్సింది మనం.

పంట లోపలా పండించినవాడు బయటా ఉండే రోజులు ఆ పడవలవాళ్ళు ముగించారు. వాళ్ళు దిగిన ఒడ్డునే మనం దిగుదాం. చూద్దాం. లెక్క అడుగుదాం. మన బొమ్మ మనమే వేద్దాం.

జై భీమ్!